నిలబెట్టే నీళ్లు

మే 25 వచ్చిందంటే ఛత్తీస్‌గఢ్‌లోని మా జాముల్‌లో ఏ ఇంట చూసినా ఒకటే మాట. సూర్యుడు రోహిణీ నక్షత్రంలో అడుగుపెట్టే వేళ అది. ఇక్కడివాళ్లు అప్పటి నుంచి తొమ్మిది రోజుల్ని నౌతపా అని లెక్కపెట్టుకుంటారు. మన తెలుగువాళ్లు రోహిణి కార్తె వచ్చింది, ఇక రోళ్లు పగులుతాయి అంటారు. ఆ తొమ్మిది రోజులూ నిప్పులు చెరిగితేనే వానలు నిండుగా పడతాయని శ్రీకాకుళం నుంచి వచ్చిన ముసలమ్మా, దుర్గ్ పల్లెలో పుట్టిన ముసలమ్మా ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. మైదాన ప్రాంతాల్లో 45 డిగ్రీలు తాకితే వడగాడ్పు అనీ, 47 తాకితే తీవ్రమైన వడగాడ్పు అనీ వాతావరణ శాఖ లెక్క. 45 మాకు కొత్త కాదు. మధ్యాహ్నం నందినీ రోడ్డు మీద లారీలు తప్ప మనిషి కనిపించడు. కనిపించినా ముఖమంతా గమ్‌ఛా చుట్టుకుని కళ్లు మాత్రమే బయటపెట్టి ఉంటాడు.

ఇలాంటి రోజుల్లో పెరట్లో కూరగాయల మొక్కలకు నీళ్లు పోయడం గురించి చెప్పాలని ఉంది. ఏడాది మొత్తంలో తోట నాకు ఎక్కువ నేర్పింది ఈ రోజుల్లోనే. ఈ రోజుల్లో అది ఇచ్చేది చాలా తక్కువ. రెండూ ఒకేసారి నిజం కావడం మీదే నా ఆలోచనంతా.

జాముల్ భిలాయికి ఉత్తరపు అంచు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు భిలాయి ఉక్కు కర్మాగారానికి ఒప్పందం రాసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కొలిమిలో ఇనుముతోపాటు స్లాగ్ అనే కరిగిన తెట్టు కూడా బయటికి వస్తుంది. ఎర్రగా పారే ఆ తెట్టు మీద నీళ్లు జోరుగా కొడితే అది ఇసకలా చిట్లి గట్టిపడుతుంది. అప్పుడది సిమెంటులో కలపడానికి పనికొస్తుంది. 1965లో మా ఊళ్లో ఏసీసీ సిమెంటు కర్మాగారం వెలిసింది. చుట్టుపక్కల సున్నపురాయి, పక్కనే కొలిమి తెట్టు, ఈ రెండూ దానికి దగ్గర సరుకులు. ఈ పనుల కోసం దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు చాలామంది వచ్చి క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో, సెక్టార్లలో, మా జాముల్‌లో స్థిరపడ్డారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పొలం వదిలి వచ్చినవాళ్లే. అందుకే క్వార్టరు ఎంత చిన్నదైనా వెనక నాలుగు గజాల నేల కనిపిస్తే చాలు, గోంగూర గింజలు చల్లారు, ములగకొమ్మ పాతారు, ఆనపతీగకు పందిరి వేశారు.

నీళ్ల గురించి నా మొదటి పాఠం తోటలో నేర్చుకున్నది కాదు. మా నాన్నగారు కొలిమి దగ్గర పనిచేసేవారు. కొలిమి అంటే నిప్పు అనుకునేదాన్ని నేను. నిప్పు కన్నా నీళ్ల కోసమే తాము ఎక్కువ కంగారు పడతామని ఆయన చెప్పేవారు. బ్లాస్ట్ ఫర్నేస్ గోడల్లోనూ, వేడిగాలిని లోపలికి ఊదే గొట్టాల మూతుల్లోనూ నీళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. లోపల ఇనుము 1500 డిగ్రీల దగ్గర కరిగి ఉంటుంది. ఆ నీళ్లు ఆగితే గోడ కరుగుతుంది. ఆ నీళ్లు ఇనుములో చేరవు, సరుకుగా బయటికి రావు, ఎవరూ తూకం వేసి అమ్మరు. అవి అక్కడ ఉన్నందువల్ల కొలిమి కొలిమిగా నిలబడుతుంది. అంతే వాటి పని.

మొక్క విషయంలోనూ జరిగేది అదే. వేళ్లు పీల్చుకున్న నీళ్లలో నూటికి 95 పాళ్లకు పైగా మొక్క ఒంట్లో ఉండవు. ఆకు అడుగున ఉన్న సన్నని రంధ్రాల గుండా ఆవిరై పోతాయి. ఆకూ కాండమూ కాయా తయారు చేసుకోవడానికి మొక్క వాడుకునేది మిగిలిన కొద్దిపాటి నీళ్లే. మరి పోయిందంతా వృథాయేనా? ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2400 కిలోజౌళ్ల వేడి కావాలి. వెయ్యి వాట్ల హీటరు నలభై నిమిషాలు కాలితే పుట్టేంత వేడి అది. ఆ వేడిని నీరు ఆకు నుంచి లాక్కుని పోతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం కూడా తడి అందుతున్న బెండాకును చేత్తో పట్టుకుంటే చల్లగా తగులుతుంది, దాని పక్కనే ఉన్న ఇటుక చుర్రుమంటుంది. నీళ్లు అందని మొక్క రంధ్రాలు మూసుకుంటుంది. నీటిని కాపాడుకుంటుంది కానీ ఒళ్లు కాలిపోతుంది. ఆ మూసివేతతో గాలి లోపలికి రాదు, ఆకులో తిండి తయారీ కూడా తగ్గిపోతుంది.

మన ఇళ్ల కిటికీలకు బిగించే కూలర్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. గడ్డి పలకల మీద నీళ్లు కారుతాయి, వాటిలోంచి గాలి వస్తుంది, నీళ్లు ఆవిరవుతూ ఆ గాలిలోని వేడిని తీసుకుపోతాయి. కొలిమికీ, కూలర్‌కీ, బెండమొక్కకీ ఎండాకాలంలో నీళ్లు చేసే ఉపకారం ఒకటేనని తెలిశాక నీళ్లు పోయడం గురించి నా అభిప్రాయం మారింది. మనం మొక్కకు పోస్తున్నది తిండి కాదు. పెంచడానికి పోస్తున్నది కూడా కాదు. నిలబెట్టడానికి పోస్తున్నాం.

నిలబెట్టడం అనుకుంటే పద్ధతి మారుతుంది. మధ్యాహ్నం రెండింటికి వంగ, ఆనప, బీర ఆకులన్నీ వేలాడిపోతాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చెయ్యి దానంతట అదే బకెట్టు వైపు వెళుతుంది. మా వీధిలో పలాస వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేవారు. ఆవిడ నాతో ఒకసారి, "ఆకు వాలిపోనాదని అప్పుడే నీల్లు ఒంపీకమ్మా. పొద్దు వాలినాక ఓపాలి సూడు. లేసిందా, దానికి తడి ఉన్నట్టే. లెగనేదా, అప్పుడు పొయ్యి" అన్నారు. ఆ మాటలో మొక్కల శాస్త్రమంతా ఉంది. మధ్యాహ్నం ఆకు నుంచి పోయే నీటి వేగాన్ని వేళ్లు అందుకోలేవు. నేలలో తడి ఉన్నా సరే, ఆకు వాలుతుంది. సాయంత్రం ఎండ తగ్గగానే వేళ్లు ఆ లోటు తీరుస్తాయి, ఆకు లేస్తుంది. పొద్దున్నే కూడా వాలి ఉన్న ఆకు మాత్రం నిజంగా ఆపదలో ఉన్నట్టు. అందుకే ఎండాకాలంలో తోటను చూడాల్సిన వేళ తెల్లవారుజాము. ఆ వేళ ఆకు చెప్పేదే నమ్మదగింది.

నీళ్లు పోయడానికి కూడా అదే మంచి వేళ. రాత్రంతా చల్లారిన నేల ఉంటుంది, గాలి పడి ఉంటుంది, పోసిన నీళ్లు పైపైనే ఎగిరిపోకుండా లోపలికి దిగుతాయి. ఎండెక్కే లోపు మొక్క ఒళ్లంతా నీటితో నింపుకుంటుంది. పొద్దున వీలుకానివాళ్లు, ఫస్ట్ షిఫ్టుకు చీకటితోనే బయల్దేరేవాళ్లు, సాయంత్రం నేల వేడి తగ్గాక పోసుకోవచ్చు. ఎండలో పడి ఉన్న రబ్బరు పైపులో నిలిచిన నీళ్లు మాత్రం ముందు పక్కకు వదిలెయ్యాలి. ఆ మొదటి నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి.

ఆకుల మీద పడిన నీటి చుక్కలు భూతద్దంలా ఎండను పోగుచేసి ఆకును కాలుస్తాయని చాలామంది నమ్ముతారు. 2010లో హంగరీకి చెందిన గాబొర్ హోర్వాత్ బృందం దీన్ని పరీక్షించి న్యూ ఫైటాలజిస్ట్ అనే పత్రికలో రాసింది. నున్నటి ఆకు మీద పరుచుకున్న చుక్క ఎండను కేంద్రీకరించే చోటు ఆకు కన్నా చాలా కిందికి పడుతుందనీ, అలాంటి ఆకు కాలదనీ వాళ్లు తేల్చారు. నూగు మీద తేలే చుక్కల వల్ల మాత్రం కాలే అవకాశం ఉందన్నారు. మిట్టమధ్యాహ్నం నీళ్లు పోయకూడదని పెద్దలు చెప్పడానికి అసలు కారణం నీళ్లు దండగ కావడం. అయితే మధ్యాహ్నం ఒక మొక్క నిజంగా చచ్చిపోతోందని తెలిస్తే మొదలు దగ్గర ఒక చెంబు పోయడానికి భయపడక్కర్లేదు.

మా నేల కూడా రెండు రకాలు. ఊరి ఒక పక్క భాఠా, అంటే గులకలు కలిసిన ఎర్రనేల. పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. పొలాల వైపు కన్హార్, నల్లరేగడి. ఎండలకు అది అరచెయ్యి పట్టేంత నెర్రెలు తీస్తుంది. నెర్రెలిచ్చిన నేలలో బకెట్టు గుమ్మరిస్తే ఆ నీళ్లు పగుళ్ల దారినే పాతాళానికి పోతాయి, వేళ్లకు ఏమీ అందదు. ముందు పైమట్టిని గునపంతో కదిపి పగుళ్లు పూడ్చాలి. కొద్దిగా తడిపి, మట్టి ఉబ్బనిచ్చి, ఆ తర్వాత నింపాదిగా పోయాలి. ఏ నేలైనా రోజూ పైపైన చిలకరించడం కన్నా రోజు విడిచి రోజు లోతుగా తడపడం మేలు. పైతడికి అలవాటుపడ్డ వేళ్లు పైపైనే పాకుతాయి, మొదట మాడిపోయేది అవే. లోతున తడి ఉందని తెలిసిన వేళ్లు కిందికి వెళతాయి. పోసిన గంట తర్వాత పాదులో వేలు గుచ్చి చూస్తే నీళ్లు ఎంతవరకు వెళ్లాయో తెలుస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు, అంత పోసినా అంగుళం కింద దుమ్మే ఉంటుంది.

ఇక పాదుకు కప్పు. ఛత్తీస్‌గఢ్ వరి పండే దేశం. ఇక్కడ వరిగడ్డిని పైరా అంటారు, దానికి కొరత లేదు. బెత్తెడు మందాన పాదు చుట్టూ పరిస్తే నేలకు నీడ దొరుకుతుంది. ఎండ నేరుగా మట్టిని తాకదు, మట్టి నుంచి తడి ఊరికే పోదు. పోయే నీరు మొక్క గుండానే పోతుంది, మొక్కను చల్లబరిచి మరీ పోతుంది. మేలో మా బజార్లలో మట్టికుండలు కొండలుగా పోస్తారు. అలాంటి కొత్త కుండను రెండు మొక్కల మధ్య మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెడితే కుండ చెమర్చినంత మేరే నేల తడుస్తుంది. నేల ఎండేకొద్దీ ఎక్కువ ఇస్తుంది, తడిగా ఉంటే తక్కువ ఇస్తుంది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలోనే చైనాలో ఫాన్ షెంగ్‌జీ రాసిన వ్యవసాయ గ్రంథంలో కుండ పాతి దాని చుట్టూ తీగలు పెంచే పద్ధతి ఉంది. మన దేశంలో 1970ల్లో కర్నాల్‌లోని కేంద్ర చౌడునేలల పరిశోధన సంస్థ దీని మీద ప్రయోగాలు చేసింది. పెరటి మనిషికి ఇంతకన్నా నమ్మకమైన తోడు నాకు తెలియదు. ఊరెళ్లి రెండు రోజులు తోటను వదలాల్సి వచ్చినా కుండ తన పని తాను చేస్తూనే ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా ఒక లెక్క మిగిలిపోతుంది. అసలు కష్టం ఆ లెక్క దగ్గరే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందం నీరు ఆవిరైతే అది ఒక లీటరు. మే నెల ఎండకు నిండుగా ఆకు పరుచుకున్న మడి నుంచి రోజుకు 8 మిల్లీమీటర్లు పోతుందనుకుందాం. పది చదరపు మీటర్ల పెరటికి 80 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బకెట్లు అయిదు దాటి. అదే నెలలో చేతిపంపులు గాలి కక్కుతాయి, బోర్లు దిగిపోతాయి, కొన్ని వీధులకు ట్యాంకరు వస్తే తప్ప బిందె నిండదు. ఆడవాళ్లు ఎండలో వరుస కట్టి నిలబడతారు. గోడకు ఇవతల నేను వంకాయ మొక్కకు నీళ్లు పోస్తున్నాను, గోడకు అవతల ఒక తల్లి రెండు బిందెల కోసం నిలబడి ఉంది. ఈ రెంటినీ ఎదురెదురుగా పెట్టుకుని జవాబు చెప్పుకోకుండా తోట పెంచడం నాకు చేతకాదు.

నేను చెప్పుకున్న జవాబు ఇది. ఎండాకాలంలో తోట ఎంత ఉండాలో నేల చెప్పకూడదు, నీళ్లు చెప్పాలి. ఇంట్లో ఒకసారి వాడిన నీళ్లతో బతికేంత తోటే మే నెలలో ఉండాలి. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, సబ్బు తగలని స్నానపు నీళ్లు. వీటిని ఒక తొట్టెలో పట్టి ఉంచితే చిన్న సంసారానికి రోజూ రెండు బకెట్లు పోగవుతాయి. కూలర్ అడుగు నీళ్లు మాత్రం వీటిలో కలపకూడదు. నీరు ఆవిరైపోయి ఉప్పులన్నీ అడుగున చిక్కబడి ఉంటాయి. మాది సున్నపురాయి మీద కూర్చున్న ఊరు, బోరు నీళ్లు అసలే బరువు. ఆ నీళ్లు పదేపదే పోస్తే మట్టి మీద తెల్లని పొర కడుతుంది.

రెండు బకెట్లతో అయిదు బకెట్ల తోటను నడపలేం. కాబట్టి ఎంచుకోవాలి. ఎవరికి పోయాలి, ఎవరిని వదిలెయ్యాలి? ప్రేమతో నాటిన మొక్కల మధ్య నిలబడి ఈ ప్రశ్న వేసుకోవడం కష్టం. కానీ దాన్ని తప్పించుకుని అన్నిటికీ తలా ఒక చెంబు పోస్తే అన్నీ కలిసి చస్తాయి. పంచడం అన్నివేళలా దయ కాదని నాకు తోటలోనే తెలిసింది.

టమాటా పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా సెగ తగ్గకపోతే పూత రాల్చేస్తుంది. పుప్పొడి చచ్చిపోతుంది. ఎన్ని నీళ్లు పోసినా కాయ కట్టదు. మార్చిలో పండ్లు ఇచ్చిన ఆ మొక్కకు మేలో నీళ్లు పోయడమంటే మన మనసుకు పోసుకోవడమే. ఏప్రిల్ చివరికే దాని దగ్గర సెలవు తీసుకుని, దాని ఆకూ కాండమూ మిగతా పాదుల మీద కప్పుగా వేస్తాను. వంగ అలా కాదు. మోకాలెత్తుకు నరికి, కొమ్మలు తగ్గించి, పైరా కప్పి, కొద్ది నీళ్లతో బతికిస్తే తొలకరికి కొత్త చిగుళ్లు వేసి మళ్లీ కాస్తుంది. ఆకులు తగ్గాయి కాబట్టి దాని దాహమూ తగ్గుతుంది. మిరపకూ అంతే. ములగ, కరివేపాకు ఒకసారి వేళ్లు లోతుకు దించాక మన చెంబు కోసం చూడవు. కంద దుంపకు ఇంకా పని మొదలుకాలేదు, నీడన పడి ఉంటుంది. బెండ, గోరుచిక్కుడు ఎండను ఓర్చుకుంటాయి, తగుమాత్రం నీళ్లతో ఎంతో కొంత ఇస్తాయి. తోటకూర, బచ్చలి ఒక చిన్న మడి చాలు, దాని మీద ఒక పాత చీరైనా గ్రీన్ నెట్టైనా కట్టి నీడ చేస్తే. ఇక గోంగూర. ఇక్కడివాళ్లు దాన్ని అమారీ భాజీ అంటారు, వాళ్లకూ ప్రాణమే. పాత మొక్కల గింజ సీసాలో భద్రంగా ఉంటే మొక్కకు నీళ్లు పోయనక్కర్లేదు. తొలకరిలో చల్లుకోవచ్చు. గింజగా నిలిపినా నిలిపినట్టే. దానికి చెంబెడు నీళ్లు కూడా అక్కర్లేదు.

ఈ ఎంపిక చేశాక రోజూ తెల్లవారుజామున ఆ రెండు బకెట్లు మోస్తుంటే ఒక సంగతి గమనానికి వస్తుంది. ఈ పనికి ఫలితం కనబడదు. నెల రోజులు పోసినా వంగమొక్క పోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. నాలుగు మోడుకొమ్మలు, పది ఆకులు. అడుగు పెరగదు, పువ్వు పూయదు. చూడవచ్చినవాళ్లు దీనికెందుకమ్మా ఇంత శ్రమ అంటారు. నిన్న ఉన్నది ఇవాళ కూడా ఉండటమే ఈ పనికి దక్కే ఫలితం. ఉండటాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. పోతేనే కనబడుతుంది.

మా ఊరి మనుషులకు ఈ పని కొత్తదేమీ కాదు. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్లు ఉంటాయి, బొగ్గును కోక్‌గా మార్చే పొయ్యిలు. వాటిని ఒకసారి వెలిగించాక ఆయుష్షు తీరేదాకా చల్లారనివ్వరు. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు కుంచించుకుని పగిలిపోతాయి. కోక్ అవసరం తగ్గినా, బొగ్గు రావడం ఆలస్యమైనా, పండగైనా, ఎవరో ఒకరు ఆ వేడిని కాస్తూ ఉండాలి. రాత్రి పది నుంచి పొద్దున దాకా నైట్ షిఫ్టులో కూర్చుని ఏమీ జరగకుండా చూసుకోవడమే కొందరి ఉద్యోగం. వాళ్లు దిగి ఇంటికి వచ్చే వేళకు ఇంట్లో ఆడవాళ్లు పిల్లల్ని గొడవ చేయనీయకుండా, కిటికీ తెరలు దించి, కూలర్‌లో నీళ్లు పోసి, పగటి నిద్రకు ఇల్లు సిద్ధం చేసేవాళ్లు. ఆ నిద్రను కాపాడటం ఏ రిజిస్టరులోనూ రాయరు. టన్నుల లెక్కలు బోర్డు మీద రాస్తారు. ఆ టన్నుల కింద ఇలాంటి కాపలా ఎంత ఉందో నాకు తోటలో నీళ్లు మోస్తున్నప్పుడు అర్థమవుతుంది. అందుకే ఇంటిపనిని ఏమీ చేయకపోవడం అనేవాళ్ల మాట నాకు నచ్చదు. రోజూ తిరిగి అదే చోటికి రావడం కూడా ఒక ప్రయాణమే, ఎండ మనల్ని వెనక్కి నెడుతున్నప్పుడు.

ఒక ఇంటి పెరడు ఇలా నిలబడాలంటే ఊరి నీళ్లు కూడా నిలబడాలి. దుర్గ్ వైపు నేలకు ఆ తెలివి పాతదే. ధమ్‌ధాలో 126 చెరువులు ఉండేవని ఇక్కడ చెప్పుకుంటారు. పెద్ద నది పక్కన లేకపోయినా ఊళ్లు నిలిచింది వానను చెరువుల్లో ఆపుకున్నందువల్లే. బాలోద్ దగ్గర తాందులా ఆనకట్ట భిలాయి కర్మాగారం కన్నా పాతది. పొలాలకు నీళ్లిచ్చే ఆ జలాశయమే తర్వాత భిలాయి కొలిముల దాహమూ తీర్చింది. మహానది మీది గంగ్రేల్ నీళ్లూ దానికి తోడయ్యాయి. ఎండాకాలంలో కాలువల గుండా పల్లె చెరువుల్లోకి నీళ్లు వదిలే ఆనవాయితీ ఒకటి ఉంది. వాటిని నిస్తారీ నీళ్లు అంటారు. పైరు కోసం కాదు, పశువులు తాగడానికి, మనుషులు స్నానం చేయడానికి, ఊరి బావుల్లో ఊట చావకుండా ఉండటానికి. ఒక ప్రభుత్వ యంత్రాంగం ఏ పంటనూ ఆశించకుండా నీళ్లు వదలడం నాకు గొప్పగా అనిపిస్తుంది. అవి కూడా నిలబెట్టే నీళ్లే.

పెరడు ఇక్కడి పల్లె బతుకులోనూ భాగమే. దాన్ని బారీ అంటారు. బావి మీద టేఢా వేసి నీళ్లు తోడి బారీలు తడిపేవాళ్లు. ఒక కొస బరువు, ఒక కొస బొక్కెన, అచ్చం మన ఏతమే. భూపేశ్ బఘేల్ ముఖ్యమంత్రిగా ఉండగా వాగు, పశువు, ఎరువుగుంట, పెరడు ఈ నాలుగింటినీ కలిపి నర్వా, గర్వా, ఘుర్వా, బారీ అనే కార్యక్రమం తెచ్చారు. పథకాల మంచిచెడులు ఎలా ఉన్నా ఆ నాలుగు మాటల వరుస మాత్రం నిజం. వాగు ఎండితే బావి ఎండుతుంది, ఎరువు లేకపోతే మట్టి నీటిని పట్టుకోలేదు, ఆ రెండూ లేకుండా పెరడు లేదు. చివికిన పేడ ఎరువు కలిసిన మట్టి తడిని ఎక్కువ సేపు దాచుకుంటుంది. అందుకే మేలో పోసే నీళ్ల పని నిజానికి ఆరునెలల ముందే, ఎరువుగుంటలో మొదలవుతుంది.

నీళ్లు పోసే మనిషి కూడా నిలబడాలి కదా. మా దగ్గర పొద్దున్నే చద్దన్నం తినే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రాత్రి నీళ్లలో నానబెట్టిన అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఛత్తీస్‌గఢీలకు అది బోరే బాసీ. 2022 మే 1న, కార్మిక దినం నాడు, అందరూ బోరే బాసీ తినాలని ప్రభుత్వమే పిలుపునిచ్చింది. కష్టజీవి ఒంటికి నీళ్లూ, ఉప్పూ, అన్నమూ ఒకేసారి అందించే ఈ తిండికి అంతటి మర్యాద దక్కడం న్యాయం. తోటపని చేసే పెద్దవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఏడున్నర లోపు ముగించి లోపలికి రండి. తలకు గుడ్డ కట్టుకోండి. మొక్క కోసం వడదెబ్బ తెచ్చుకోవద్దు. ఎండను గెలవాలని చూసేవాళ్లు తోటకు పనికిరారు, ఎండతో కలిసి నడవగలిగినవాళ్లే పనికొస్తారు.

రోహిణి వెళ్లి మృగశిర వస్తుంది. జూన్ మధ్యలోనో ఆ తర్వాతో తొలకరి పడుతుంది. అప్పుడు మోడు వంగకు కణుపు కణుపునా చిగుళ్లు వస్తాయి. చూసినవాళ్లంతా వాన మహిమ అంటారు. నిజమే, అంతటి పచ్చదనం బకెట్లతో తేలేం. కానీ పక్క పెరట్లో మేలోనే ఎండిపోయిన వంగ మీద కూడా అదే వాన కురుస్తుంది. అక్కడ చిగురు రాదు. వానకు బతికించే శక్తి ఉంది, చచ్చినదాన్ని లేపే శక్తి లేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరమంతా మనిషి మోసిన నీళ్లే.

ఎండలు ఏటేటా ముదురుతున్న కాలం ఇది. పెరటి తోటలు మానేద్దాం, నీళ్లెక్కడివి అనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. మానొద్దు, కుదించుకుందాం. ఇంటి కడుగునీళ్లు ఎన్ని బకెట్లో ఈ వారమే కొలుచుకోండి. అవి ఎన్ని పాదులకు సరిపోతాయో లెక్క కట్టి, అన్నే ఉంచుకోండి. మిగతావాటి గింజలు తీసి సీసాలో పెట్టండి. ఉంచుకున్నవాటిని మాత్రం ఒక్క తెల్లవారుజామూ మరిచిపోవద్దు. ట్యాంకరు దగ్గర నిలబడ్డ తల్లి ముందు తలవంచుకోకుండా పెంచగలిగిన తోట అదే. మండే వేసవిలో నాకు సొంతమనిపించే తోట కూడా అదే.